బోర్డు కాళ్లు చూసిన మనిషి

"తక్కువ మాట్లాడి ఎక్కువ పని చేసిన సోదరుడు" అని సమాధి దగ్గర పాస్టరుగారు అన్నప్పుడు అడ్డం పడి కాదని చెప్పాలనిపించింది నాకు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి కాదు. చెప్పడానికి బోలెడు ఉన్న మనిషి. ఆగి వినేవాళ్లే తక్కువ. కానీ సమాధి దగ్గర ఎవరు ఎవర్ని సరిదిద్దుతారు? పిడికెడు మట్టి వేసి ఇవతలికి వచ్చేశాను. అక్కడ మింగేసిన మాట ఇక్కడ చెబుతున్నాను.

ఆయన్ని నేను బాబాయి అనేదాన్ని. చుట్టరికం లేదు. హౌరా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో మాదీ ఆయనదీ పక్కపక్క బ్లాకులు. ఇద్దరి ఊళ్లూ శ్రీకాకుళం వైపే. ఆదివారం ఒకటే చర్చి. నాన్న పోయాక కూడా నేను ఆ దగ్గర్లోనే అద్దెకుంటూ ఒక బెంగాలీ బడిలో లెక్కలు చెబుతున్నాను. బాబాయి రైల్వేలో బోర్డులు రాసే పెయింటరుగా చేసి రిటైరయ్యారు.

ఆయనకి నత్తి. క, ద, ప, బ, ఈ నాలుగింటితో మొదలయ్యే మాటల దగ్గర గొంతు మూసుకుపోయేది. కళ్లు గట్టిగా మూసుకునేవారు. కుడి చూపుడువేలు తొడ మీద ఏదో రాస్తున్నట్టు కదిలేది. అందుకని వీలైనంతవరకు ఆ మాటల్ని చుట్టుదారిలో దాటిపోయేవారు. నా పేరు ప్రమీల. ఆ పేరుతో నన్ను ఏనాడూ పిలవలేదు. చిన్నప్పుడు 'అమ్మడూ', ఉద్యోగం వచ్చాక 'మేష్టరమ్మ'. బండిని 'రథం' అనేవారు. దాస్‌నగర్‌లో ఆయన చెల్లెలు ఉండేది. టికెట్టు కిటికీ దగ్గర ఆ పేరు పలకలేక హౌరాకి టికెట్టు కొని, మధ్యలో దాస్‌నగర్‌లో దిగిపోయేవారు. నా పదేళ్లప్పుడు ఒకసారి ఆయనతో వెళ్తూ ఇది కనిపెట్టి, "ఎందుకు బాబాయ్ ఎక్కువిచ్చి కొన్నావు?" అని అడిగాను.

"రైలోలికి సందా ఇస్తన్నానే" అన్నారు.

బజారుకి ఆయనతో వెళ్తే గంట పట్టేది. ప్రతి బోర్డు దగ్గరా ఆగేవారు. మిఠాయి కొట్టు, మందుల షాపు, గోడ మీద ఎలక్షను రాతలు, దేన్నీ వదిలేవారు కాదు. "సూడు, ఆ అచ్చరానికి ఊపిరాడతందా? రెండు పక్కలా నొక్కీసినాడు" అని గాల్లో వేలుతో సరిచేసేవారు. ఆయనకు రాని భాషలో బోర్డున్నా వంపులు చూసి మంచి చెడ్డ చెప్పేసేవారు.

ఆయనకి కోపం తెప్పించేది ఒకే ఒకటి. తన మాటని ఇంకొకరు పూర్తి చెయ్యడం. "నా మాట నీ నోట్లో ఎట్టుకోకు" అని ఒక కిరాణా కొట్టువాడి మీద లేచారు ఓసారి. పిన్ని మాత్రం, అంటే ఆయన భార్య, నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ తప్పు చెయ్యలేదు. ఆయన మాట దగ్గర ఆగిపోతే ఆవిడ చేటలో బియ్యం ఏరుకుంటూ ఉండేది. మాట బయటికొచ్చాక తలెత్తి జవాబు చెప్పేది.

ఆ తప్పు నేను చేశాను.

పిన్నికి కడుపులో కుడిపక్కన నొప్పి మొదలైంది. మందులు వాడాక మళ్లీ చూపించమంటే ఇద్దర్నీ ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. బయట ఓ యాభైమంది. డాక్టరు తల ఎత్తకుండానే బెంగాలీలో "నొప్పి తగ్గిందా?" అని అడిగాడు. పిన్నికి ఆ మాత్రం బెంగాలీ కూడా రాదు. బాబాయి "కొ... కొ..." అని ఆగిపోయారు. బెంగాలీలో కొమేఛే అంటే తగ్గింది. కొమే ని అంటే తగ్గలేదు. తగ్గినా తగ్గకపోయినా మాట మొదలు ఒకటే. లేదు అని చెప్పే ఆ 'ని' చిట్టచివర వస్తుంది. వెనక జనం తోసుకుంటున్నారు. నాకు బడికి టైమైపోతోంది.

"కొమేఛే, డాక్టర్‌బాబు" అన్నాను నేను.

డాక్టరు చీటీ మీద ఏదో కొట్టేసి గంట నొక్కాడు. తరవాతి మనిషి లోపలికొచ్చేశాడు. బాబాయి నా వైపు చూశారు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. గుమ్మం బయట ఒక్క క్షణం నిలబడి, తలుపు వైపు తిరిగి, మళ్లీ తల వంచుకుని నడిచేశారు. తగ్గలేదనే ఆయన చెప్పబోయారని నాకు తరవాత తెలిసింది.

మూడు వారాలు తిరక్కుండా, దుర్గాపూజలో షష్ఠి నాడు, పిన్ని నేల మీద పడి మెలికలు తిరిగిపోయింది. పూజ రద్దీలో ట్యాక్సీ దొరకలేదు. బాబాయి ఆవిణ్ని స్కూటరు వెనక కూర్చోబెట్టి, రెండు తువ్వాళ్లు ముడేసి తన నడుముకి కట్టుకుని, వంతెన దాటి కలకత్తాలో పెద్దాస్పత్రికి తీసుకెళ్లారు. ఎదుటి సందులో ఖాళీ స్థలంలో స్కూటర్లు కనబడితే అక్కడే తనదీ నిలబెట్టి, ఆవిణ్ని ఎత్తుకుని పరుగెత్తారు. పిత్తాశయానికి చీము పట్టిందన్నారు. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. ఆపరేషను చేశారు. తొమ్మిది రోజులు బాబాయి ఆస్పత్రి వరండాలోనే పడుకున్నారు. పదో రోజున స్కూటరు దగ్గరికి వెళ్తే గేటు దగ్గర మనిషి రోజుకింత అని లెక్కగట్టి తీసుకుని చీటీ ఇచ్చాడు. బండి తెచ్చుకున్నారు.

ఆ సంగతి అక్కడితో అయిపోయిందనుకున్నాం. డిసెంబరులో ఒక కంపెనీ నుంచి నోటీసొచ్చింది. ఆ స్థలం కొత్తగా వాళ్ల చేతికొచ్చిందట. ఒక రోజుకి మించి బండి ఉంచితే రోజుకింత జరిమానా అని బోర్డు పెట్టారట. బోర్డు చూసి బండి పెట్టారు కాబట్టి షరతుకి ఒప్పుకున్నట్టేనట. మొత్తం కలిపితే బాబాయికి రెండు నెలల పెన్షను. మిగిలిన బండ్లవాళ్లు బేరమాడి ఎంతో కొంత కట్టేశారు. బాబాయి కట్టలేదు. వేసవిలో కోర్టు సమన్లు వచ్చాయి.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. మంచం మీద పిన్ని, కుర్చీలో బాబాయి, మధ్యలో స్టూలు మీద ఆ కాగితం.

"ఆ డబ్బు నేను కడతాను బాబాయ్. నావల్లే కదా ఇదంతా. ఆ రోజు డాక్టరు దగ్గర..."

బాబాయి చెయ్యి అడ్డం పెట్టారు. చాలాసేపు పట్టింది. పిన్ని దుప్పటి అంచు సరిచేసుకుంటూ కూర్చుంది. నేను గోళ్లు గిల్లుకుంటూ నేలకేసి చూశాను.

"నువ్వు తొందరపడ్డావు, నిజిమే" అన్నారు చివరికి. "నాను మల్లీ లోపలికెల్లి సెప్పొచ్చు. తలుపు దాకా ఎల్లినాను. అంతమంది ముందర మల్లీ నోరు తెరవాలా అనీసి ఎనక్కొచ్చీసినాను. దాని పేనం మీదకొచ్చింది. ఈసారి ఎనక్కి రాను. లోపలికెల్తాను."

"వకీల్ని పెడదాం పోనీ."

"వకీలంటే నా మాట ఇంకోడి నోట్లో ఎట్టడమే గదేటి?"

పిన్ని అప్పుడు నోరు విప్పింది. "ఇన్నావా మేష్టరమ్మా, పైసలు పోతే పోనాయి గానీ, అక్కడ నలుగురూ నవ్వితే ఈ మనిషి మంచవెక్కీస్తాడు." బాబాయి లేచి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

సాక్ష్యం ఏమిటంటే చెప్పుకోడానికి ఏమీ లేదు. ఆ బోర్డు మీద పూజ బ్యానరు కప్పేసి ఉందని బాబాయి అంటారు. కంపెనీ కోర్టులో పెట్టిన ఫోటోలో బోర్డు తళతళ్లాడుతోంది. బ్యానరూ లేదు, ఏమీ లేదు. అది పూజకి ముందు తీసినదో తరవాత తీసినదో ఫోటో చెప్పదు.

"బోర్డు చూడలేదు అని ఒక్క ముక్క చెప్పెయ్ బాబాయ్. చిన్న మాట, తేలిక" అన్నాను.

"సూడనేదంటే అబద్దం. కింద కాళ్లు సూసినాను. రెండు ఇనప కాళ్లు, కొత్త పెయింటు. వొణికిపోతా దాన్ని ఎత్తుకెల్తన్నా సరే నా కళ్లు ఆటి మీద పడ్డాయి. పైనున్న రాత సూడనేదు. బ్యానరు అడ్డముంది." మాట మాట దగ్గరా ఆగుతూ ఇంత చెప్పడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

"అంత పొడుగు మాట అక్కడ..."

"ఉన్నంత పొడుగూ సెప్తాను."

చర్చి పాటల బృందంలో బాబాయి టెనర్, అంటే మగ గొంతుల్లో పై స్వరం, పాడేవారు. పాటలో ఆ నాలుగు అక్షరాలూ ఆయన్ని ఏనాడూ ఆపలేదు. సాగదీసి పాడినట్టు చెబితే మాట వస్తుందేమో ప్రయత్నించమన్నాను. ఆయన నవ్వారు. "నా మాట నా మాటలాగే ఇనాలి వాళ్లు."

కంపెనీ తరఫున సాక్షిగా వచ్చే గేటు మనిషిని ప్రశ్నలు అడిగే హక్కు బాబాయికి ఉంది. మొదట ఓ పేజీ నిండా ప్రశ్నలు రాసుకున్నారు. రోజూ పొద్దున్నే వరండాలో నిలబడి ఒక్కొక్కటి పలికి చూసేవారు. పలకనిది కొట్టేసేవారు. తరవాత పలికేవాటిలో అక్కర్లేనివి కొట్టేశారు. చివరికి ఒక్కటే మిగిలింది. లేఖార్ ఉపోరే కీ ఛిలో? రాత మీద ఏం ఉండేది? అందులో 'కీ' ఒక్కటే అడ్డు, పలికి పలికి దాన్నీ లొంగదీసుకున్నారు. ఒక్క ప్రశ్నతో కేసు గెలుస్తారా అని నాకు గుబులు. గేటు మనిషి కంపెనీ జీతగాడు. వాడు "ఏమీ లేదు" అంటే ఇంక అక్కడితో సరి.

వాయిదా నాడు ముసురు. హౌరాలో రైలు దిగి, లాంచీలో నది దాటి, కోర్టుకి వెళ్లేసరికి బాబాయి చొక్కా భుజాలు తడిసిపోయాయి. పొద్దున్నించీ టీ కూడా తాగలేదు. గుక్క అడ్డం పడుతుందని భయం. పిన్ని ఇంటి దగ్గరే ఉండిపోయింది. నన్ను మాత్రం కోర్టు గుమ్మంలో ఆపి ఆయన ఒక షరతు పెట్టారు. "నాను ఆగిపోతే నువ్వు లెగవకూడదు."

చిన్న గది. జడ్జిగారు నడివయసు ఆవిడ. కంపెనీ వకీలు మర్యాదస్తుడే, చేతిలో ఇంకో నాలుగు ఫైళ్లున్నాయి. కిందటి వాయిదాకి రావలసిన గేటు మనిషి అప్పుడు రాక ఈ రోజు వచ్చాడు. అందుకని ముందు బాబాయి వంతు, తరవాత అతని వంతు అన్నారు. అతను వెనక బెంచీ చివర, కంపెనీ మేనేజరు పక్కన కూర్చున్నాడు. మేదినీపూర్ వైపు మనిషి. గొడుగుని మోకాళ్ల మధ్య ఇరికించుకుని కర్ర పిడిని అదేపనిగా తుడుస్తున్నాడు.

బాబాయి బోనులో నిలబడ్డారు. ప్రమాణం ఎవరో చదివితే వెంట చెప్పడం కాబట్టి గడిచిపోయింది. పేరు చెప్పమన్నప్పుడు ఆగిపోయారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

వకీలు లేచాడు. "మీరు ఎన్నేళ్లు బోర్డులు రాశారు?"

"ముప్పై నాలుగు."

"అంటే దారిలో బోర్డు కనబడితే మీ కన్ను దాని మీద పడకుండా ఉండదు. అవునా?"

"అవును."

"ఆ రోజు ఆ స్థలంలో బోర్డు చూశారా?"

బాబాయి కళ్లు మూసుకున్నారు. చూపుడువేలు తొడ మీద కదిలింది. "ఓర్ పా దేఖేఛి" అన్నారు, నేను అనుకున్నదానికంటే తొందరగానే. దాని కాళ్లు చూశాను. ఆ తరవాత, "లేఖా... దే..." అని ఆగిపోయారు.

గది అంతా చూస్తోంది. ఆయన మెడ నరం ఉబ్బింది. "దే..."

"దేఖేఛి" అని అందించాడు వకీలు, సాయం చేస్తున్నట్టే. "రాత కూడా చూశాను అంటున్నారు, మేడమ్."

జడ్జిగారు తల ఊపి, అలాగే రాయమన్నారు. టైపు చేసే అమ్మాయి వేళ్లు టకటకలాడాయి. వకీలు కాగితం తిప్పాడు.

నేను సగం లేచాను. ఇలా లేచి అరిస్తే చాలు, నిజం బయటపడుతుంది. బాబాయి కళ్లు తెరవకుండానే ఎడం చెయ్యి నా వైపు కిందికి చూపించారు. కూర్చో అని. కూర్చున్నాను.

ఆయన కుడిచెయ్యి పైకెత్తారు. దింపలేదు.

"ఏమిటి?" అన్నారు జడ్జిగారు.

బాబాయి టైపు అమ్మాయి వైపు చూపించి అడ్డంగా తల ఊపారు.

"రాసింది తప్పా? పోనీ, కాగితం ఇస్తాను. రాసివ్వండి. అభ్యంతరం లేదు."

రాస్తే ఆయన్ని మించినవాడు లేడు. కానీ బాబాయి ఆ కాగితం ముట్టుకోలేదు. చెబుతాను అని సైగ చేశారు.

"మేడమ్, ఇంకా పదకొండు కేసులున్నాయి..." అని వకీలు అనబోయాడు.

"చెప్పనివ్వండి" అన్నారు ఆవిడ.

ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. బడిలో ఒక పీరియడంత అనిపించింది. ఫ్యాను చప్పుడు. బయట వాన. "లేఖా" అని మొదలుపెట్టడం, 'దే' దగ్గర ఆగడం, ఊపిరి వదిలి మళ్లీ మొదటికి రావడం. రెండోసారీ అంతే. మూడోసారి పెదవి వణికి కంట్లోంచి నీళ్లు జారాయి. అది ఏడుపు కాదు, ప్రయాస. నవ్విన మనిషి ఇప్పుడు నేల చూస్తున్నాడు. నాలుగోసారి ఆయన గొంతు అడుగునించి ఏదో తోసుకుంటూ వచ్చినట్టు వచ్చింది.

"లేఖా దేఖి ని."

ఆ 'ని' గది ఆ చివరిదాకా వినబడింది.

జడ్జిగారు టైపు అమ్మాయి వైపు తిరిగారు. "ముందుది కొట్టెయ్యండి. బోర్డు కాళ్లు చూశాను, రాత చూడలేదు. ఆయన అన్నది అన్నట్టు రాయండి."

తరవాత గేటు మనిషి బోనెక్కాడు. వకీలు అడిగినవాటికి తడుముకోకుండా జవాబులు చెప్పాడు. బోర్డు ఎప్పుడు పాతారు, స్కూటరు ఎన్ని రోజులుంది, అన్నీ సరిగ్గానే చెప్పాడు. బాబాయి వంతు వచ్చింది.

"లేఖార్ ఉపోరే కీ ఛిలో?"

ఒక్క తడబాటు లేదు. వరండాలో నూరుసార్లు పలికిన మాట.

గేటు మనిషి మేనేజరు వైపు చూశాడు. మేనేజరు ఫోను చూసుకుంటున్నాడు. గేటు మనిషి నోరు తెరిచి, మూసి, గొడుగు కర్ర పట్టుకుని నిలబడిపోయాడు. బాబాయి అతని మొహం కేసే చూస్తున్నారు, తొందరేమీ లేనట్టు.

వకీలు లేచాడు. "ఏమీ లేదనే చెబుతున్నాడు మేడమ్, ప్రశ్న అర్థం కాక..."

"కూర్చోండి" అన్నారు జడ్జిగారు. "ఆయన కోసం ఆగాం. ఇతని కోసం కూడా ఆగుదాం."

మళ్లీ ఫ్యాను చప్పుడు. గేటు మనిషి జడ్జిగారి వైపు తిరిగాడు.

"బ్యానరు ఉండేది. పూజది. మహాలయ ముందు రోజు కట్టాం, విజయదశమి దాటి లక్ష్మీపూజ కూడా అయ్యాక విప్పాం. పూజ చేసే క్లబ్బువాళ్లు కంపెనీకి అద్దె ఇచ్చారు. నేనే నిచ్చెనెక్కి కట్టాను."

మేనేజరు తల ఎత్తాడు.

మధ్యాహ్నం తరవాత తీర్పు చదివారు. కనబడని షరతుకి మనిషి ఒప్పుకున్నట్టు కాదన్నారు. రోజువారీ రుసుము ఎలాగూ కట్టేశాడు కాబట్టి ఆయన ఇవ్వవలసింది ఏమీ లేదన్నారు. దావా కొట్టేశారు. అంతా కలిపి రెండు నిమిషాలు. వకీలు ఫైళ్లు సర్దుకుంటూ బాబాయికి చిన్న నమస్కారం పెట్టి, ఇంకో గదికి పరుగెత్తాడు.

వరండాలోకి వచ్చాక నేను ఆయన చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాను. ఆయన మొహంలో సంతోషం లేదు. అటూ ఇటూ ఎవరి కోసమో వెతుకుతున్నారు.

"ఆడి ఉజ్జోగం పోద్దేమో" అన్నారు.

గేటు మనిషి బయట బస్‌స్టాపు పక్క టీకొట్టు చూరు కింద కనబడ్డాడు. బాబాయి వానలోనే అటు నడిచారు. మూడు టీలు చెప్పాను. పొద్దున్నించీ ఆయన గొంతులో పడిన మొదటి చుక్క అదే. భాంఢ్, అదే మట్టి కప్పు, రెండు చేతులతో పట్టుకుని ఆయన అడగాలనుకున్నది మొదలుపెట్టేలోపు, గేటు మనిషే అన్నాడు.

"నా నౌకరీ గురించి బెంగ పెట్టుకోకండి దాదా. ఒకటో తారీఖు నించి గేటు దగ్గర మిషను పెడుతున్నారు. మా ముగ్గురికీ నిన్ననే చెప్పేశారు."

"అందుకే నిజం చెప్పావా?" అన్నాను నేను. అనేశాక నాలిక కరుచుకున్నాను.

అతనేమీ నొచ్చుకోలేదు. "అందుకు కాదు దీదీ. జీతం బాకీ ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. గుర్తులేదు అని చెబుదామనే వచ్చాను. 'మోనే నేయ్.' చాలా తేలిక మాట. తడుముకోనక్కర్లేదు కూడా." టీ ఊదుకున్నాడు. "ఈయన అంతసేపు అక్కడ నిలబడ్డాక అది నా నోట్లోంచి రాలేదు."

బాబాయి ఖాళీ భాంఢ్ పక్కన పెట్టి, అతని భుజం మీద చెయ్యి వేశారు. "దా..." అని మొదలుపెట్టారు. దాదా అనబోయారేమో. ఆయనకి రాని అక్షరం. చుట్టుదారి వెతకలేదు. కళ్లు మూసుకుని అక్కడే నిలబడ్డారు.

అంతలో అతని బస్సు వచ్చింది. కండక్టరు తలుపులోంచి వేలాడుతూ, ఊళ్ల పేర్లు అరుస్తూ, బస్సు పక్క మీద అరచేత్తో బాదుతున్నాడు. "ఎక్కుతారా లేదా?" అన్నాడు మా వైపు చూసి. గేటు మనిషి గొడుగు తెరవబోయి ఆగాడు. కండక్టరుకి పొమ్మని చెయ్యి ఊపాడు. బస్సు నీళ్లు చిమ్ముకుంటూ వెళ్లిపోయింది. అతను మళ్లీ చూరు కిందికి జరిగి, బాబాయి మొహం కేసి చూస్తూ, తొందరేమీ లేని మనిషిలా నిలబడ్డాడు.